హస్తవాసి ఆపలేని నెత్తురు

పాంక్రియాస్ ఆపరేషన్ అయిన మనిషి పదో రోజున ఉన్నట్టుండి రక్తం కక్కుకుని పోతే, ఆసుపత్రి వరండాలో వినిపించే మాటలు ఎప్పుడూ ఒక్కలాగే ఉంటాయి. ఆపరేషన్ బాగానే జరిగింది, కుట్లు బాగానే పడ్డాయి, తర్వాత లోపల రక్తనాళం పగిలింది, దానికి ఎవరేం చేస్తారు అంటారు. బంధువులు గట్టిగా నిలదీస్తే మాట ఇంకోవైపు తిరుగుతుంది. ఫలానా పెద్ద సర్జన్ దగ్గరికి తీసుకెళ్లి ఉంటే బతికేవాడు, ఆయన హస్తవాసి అలాంటిది అంటారు. ఒకటి విధి మీద వేసే మాట, ఇంకొకటి మనిషి మీద వేసే మాట. రెండింటి అడుగునా ఉన్న నమ్మకం మాత్రం ఒకటే. రక్తస్రావం అవుతుందా కాదా అన్నది థియేటర్‌లోనే తేలిపోతుందనీ, స్ట్రెచర్ బయటికొచ్చాక మిగిలేది ఎదురుచూపేననీ ఆ నమ్మకం. డాక్టర్లలో, రోగుల ఇళ్లల్లో, వైద్య పథకాలకు ప్యాకేజీలు రాసే ఆఫీసుల్లో ఇది పాతుకుపోయింది. ఇది తప్పు. బతకవలసిన మనుషుల ప్రాణాలు తీస్తున్న తప్పు.

ముందు ఏ రక్తస్రావం గురించి మాట్లాడుతున్నామో తేల్చుకుందాం. పాంక్రియాస్ తలను, దాన్ని చుట్టుకుని ఉన్న చిన్నపేగు మొదటి భాగాన్ని, పిత్తనాళం చివరను కలిపి తీసేసే పెద్ద ఆపరేషన్‌ను విపుల్ ఆపరేషన్ అంటారు. తీసేశాక మిగిలిన పాంక్రియాస్‌ను, పిత్తనాళాన్ని, కడుపును మళ్లీ పేగుకు కలిపి కుడతారు. దీని తర్వాత వచ్చే రక్తస్రావాన్ని పాంక్రియాస్ సర్జన్ల అంతర్జాతీయ అధ్యయన బృందం 2007లో రెండుగా విడదీసింది. మొదటి 24 గంటల్లో వచ్చేది ఒకటి, ఆ తర్వాత వచ్చేది ఇంకొకటి. మొదటి రోజు రక్తం కారిందంటే ముడి జారి ఉండాలి, కోసిన చోట సరిగా ఆగక ఉండాలి, లేదా రోగి రక్తంలోనే గడ్డకట్టే గుణం తగ్గి ఉండాలి. ఇక్కడ సర్జన్ చేతికి పెద్ద పాత్రే ఉంది. ఆ మేరకు హస్తవాసి వాదనతో నాకు పేచీ లేదు. అలాంటి రోగిని వెంటనే థియేటర్‌కు తీసుకెళ్లి ముడి మళ్లీ వేస్తే చాలావరకు బయటపడతాడు.

ప్రాణం తీసేది రెండోది. పాంక్రియాస్‌కూ పేగుకూ మధ్య వేసిన కుట్టు దగ్గర సన్నగా లీక్ మొదలవుతుంది. మాంసాన్ని అరిగించడానికి పుట్టిన రసం అది. పేగు రసాలు, సూక్ష్మజీవులు తోడైతే దాని బలం ఇంకా పెరుగుతుంది. ఆ కుట్టుకు పక్కనే, ఆపరేషన్‌లో కట్టేసి వదిలిన గాస్ట్రోడుయోడినల్ ధమని మొండి కొస ఉంటుంది. కాలేయానికి వెళ్లే పెద్ద ధమని కూడా దానికి ఆనుకునే ఉంటుంది. చీము, రసం కలిసి ఆ గోడను రోజుల తరబడి తింటూ పోతాయి. గోడ పలచబడి ఒకచోట ఉబ్బుతుంది. దీన్నే సూడో అన్యూరిజం అంటారు. అది ఏదో ఒక రాత్రి పగులుతుంది. పగిలింది ఒక్క క్షణంలోనే కావచ్చు, దానికి ముందు అది వారం పది రోజులు వార్డులో, అందరి కళ్ల ముందే తయారైంది. జ్వరం, నాడి వేగం, రక్తపరీక్షలో లోపలి వాపును చూపే సీఆర్‌పీ పెరగడం, డ్రెయిన్ గొట్టంలో రంగు మారిన ద్రవం, అన్నీ దాని సంగతే చెబుతూ వచ్చాయి. దాన్ని విధి అనడానికి నాకు మనసొప్పదు.

2007లో జర్మనీలోని హాంబర్గ్ సర్జన్లు తమ ఆసుపత్రిలో జరిగిన 1669 పాంక్రియాస్ ఆపరేషన్ల లెక్క ప్రచురించారు. 87 మందికి రక్తస్రావం అయింది. అంటే నూటికి అయిదుగురు. వాళ్లలో 14 మంది చనిపోయారు. ఆ పద్నాలుగు మందిలో మొదటి రోజు రక్తస్రావంతో పోయినవాళ్లు ఒక్కరూ లేరు. పద్నాలుగు మందికీ వచ్చింది ఆలస్యపు రక్తస్రావమే. 13 మందికి పాంక్రియాస్ లీక్ ఉంది. 12 మందిలో ధమని గోడ తినివేతో, సూడో అన్యూరిజమో కనిపించింది. ముడి జారడం వల్ల చావులు వస్తాయనుకునేవాళ్లు ఈ ఒక్క లెక్క ముందు కాసేపు ఆగాలి.

ఆ లెక్కలోనే మనకు బాగా దగ్గరి సంగతి ఇంకొకటి ఉంది. చనిపోయినవాళ్లందరిదీ మెత్తని పాంక్రియాస్. దీర్ఘకాల పాంక్రియాటైటిస్‌కు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో రక్తస్రావంతో పోయినవాళ్లు ఒక్కరూ లేరు. దక్షిణ భారతంలో ఆ జబ్బు ఎక్కువ. ఏళ్ల తరబడి వాచి గట్టిపడిన ఆ గ్రంథి కుట్టును పట్టుకుని నిలుస్తుంది. పాంక్రియాస్‌లోనే పుట్టి దాని నాళాన్ని మూసేసిన క్యాన్సర్‌లో కూడా మిగిలిన భాగం సాధారణంగా గట్టిపడి, నాళం వెడల్పై, కుట్టుకు అనువుగానే ఉంటుంది. ప్రమాదం ఎక్కువ ఉన్నది పిత్తనాళం చివర చిన్న గడ్డతో వచ్చి, త్వరగా దొరికింది, అదృష్టవంతుడు అనిపించుకునే రోగికి. అతని పాంక్రియాస్ మెత్తగా, నాళం సన్నగా ఉంటుంది. ఈ సంగతి ఆపరేషన్ మధ్యలోనే సర్జన్ వేలికి తెలిసిపోతుంది. ఆ వేలికి తెలిసింది అదే రాత్రి నైట్ డ్యూటీ నర్సుకు తెలుస్తోందా? కేసు షీట్ మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో రాసి ఉంటోందా? చాలాచోట్ల అది ఆపరేషన్ నోట్స్‌లో ఏడో లైనులో ఉండిపోతుంది. హస్తవాసి మీద నమ్మకం ఎంత ముదిరితే వార్డుకు అంత తక్కువ కబురు అందుతుంది.

చేతి నైపుణ్యం వాదులు కుట్టు పద్ధతుల గురించి ఎన్నో ఏళ్లుగా వాదించుకుంటున్నారు. మిగిలిన పాంక్రియాస్‌ను పేగుకు కుట్టడం మేలా, కడుపుకు కుట్టడం మేలా అన్నది ఆ వాదాల్లో పెద్దది. జర్మనీలో 14 ఆసుపత్రులు కలిసి 320 మంది మీద ఈ రెండింటినీ పోల్చి 2016లో ఫలితం చెప్పాయి. ముఖ్యమైన లీకులు ఒకవైపు 20 శాతం, ఇంకోవైపు 22 శాతం. తేడా లేదన్నమాట. రెండు వైపులా చేసినవి అనుభవమున్న చేతులే. మెత్తని గ్రంథి ఉన్నంతకాలం, ఎవరు ఎలా కుట్టినా, కొన్ని లీకులు వస్తూనే ఉంటాయి. కట్టిన ధమనికి తగినంత మొండి కొస వదలడం, దాని గోడను కరెంటు పరికరంతో మాడ్చకుండా చూడడం, కాలేయం దగ్గరి రౌండ్ లిగమెంట్‌ను తెచ్చి ధమనికి చుట్టబెట్టడం మంచి పద్ధతులే. చెయ్యాలి. అవి చేశాం కాబట్టి ఇక ధీమాగా ఉండొచ్చు అనడం మాత్రం ఒప్పుకోలేను.

అయితే పెద్ద ఆసుపత్రుల్లో చావులు తక్కువ కదా, అది చేతి మహిమ కాక మరేమిటి అని అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. అమెరికాలో జాన్ బర్క్‌మేయర్ బృందం 2002లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో చూపించిన తేడా చిన్నదేమీ కాదు. పాంక్రియాస్ ఆపరేషన్లు చాలా అరుదుగా చేసే ఆసుపత్రుల్లో మరణాలు 16.3 శాతం, చాలా ఎక్కువగా చేసేచోట 3.8 శాతం. ఈ అంకెలను చేతికి సాక్ష్యంగా చూపడం ఆనవాయితీ అయిపోయింది. ఏడేళ్ల తర్వాత అదే పత్రికలో అమీర్ గఫేరీ, బర్క్‌మేయర్, జస్టిన్ డిమిక్ అడగవలసిన రెండో ప్రశ్న అడిగారు. చావులు ఎక్కువున్న ఆసుపత్రుల్లో కాంప్లికేషన్లు కూడా అంతే ఎక్కువ వస్తున్నాయా అని. రకరకాల జనరల్, రక్తనాళ ఆపరేషన్లు చేయించుకున్న 84,730 మందిని చూశారు. కాంప్లికేషన్లు దాదాపు సమానంగానే వచ్చాయి. పెద్ద కాంప్లికేషన్ వచ్చినవాళ్లలో ఎందరు పోయారన్న దగ్గర మాత్రం దారులు విడిపోయాయి. చావులు తక్కువున్న ఆసుపత్రుల్లో 12.5 శాతం, ఎక్కువున్నచోట 21.4 శాతం. చేతులే కారణమైతే కాంప్లికేషన్లలోనే తేడా రావాలి. తేడా వచ్చింది, ముప్పును ఎంత ముందుగా పట్టుకున్నారు, పట్టుకున్నాక ఎంత త్వరగా కదిలారు అన్న దగ్గర. అది కేవలం పాంక్రియాస్ లెక్క కాదు కదా అనేవాళ్లకు జవాబు నెదర్లాండ్స్ నుంచి వచ్చింది.

ఆ దేశంలో పాంక్రియాస్ ఆపరేషన్లు ఎక్కడపడితే అక్కడ చెయ్యనివ్వరు. అప్పట్లో ఏడాదికి కనీసం 20 విపుల్ ఆపరేషన్లు చేసే ఆసుపత్రులకే అనుమతి ఉండేది. అలాంటివి 17 ఉండేవి. ఆ పదిహేడూ కలిసి 2018 జనవరి నుంచి 2019 నవంబర్ వరకు ఒక పరీక్ష నడిపాయి. సర్జన్లు మారలేదు, కుట్లు మారలేదు, ఆసుపత్రులు మారలేదు. మారింది ఒక్కటే. ఆపరేషన్ అయిన ప్రతి రోగినీ ప్రతి రోజూ ఒకే పద్ధతిలో చూడాలి. జ్వరం, నాడి, రోగి తీరు, సీఆర్‌పీ, తెల్లకణాలు, డ్రెయిన్ ద్రవంలో అమైలేజ్ అనే పాంక్రియాస్ ఎంజైమ్. వీటిని ఫోన్‌లో యాప్‌లోకి ఎక్కిస్తే సీటీ స్కాన్ ఎప్పుడు తియ్యాలి, చేరిన ద్రవాన్ని సూదితో బయటికి ఎప్పుడు లాగాలి, యాంటీబయాటిక్ ఎప్పుడు మొదలుపెట్టాలి, డ్రెయిన్ ఎప్పుడు తీసెయ్యాలి అన్నది అది చెబుతుంది. ఏ ఆసుపత్రి ఎప్పుడు కొత్త పద్ధతికి మారాలన్నది చీటీ తీసి నిర్ణయించారు కాబట్టి, ముందునుంచీ బాగున్న ఆసుపత్రులే మారాయి అనడానికి వీల్లేదు. మొత్తం 1748 మంది రోగులు. ఫలితాలు 2022లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. పాత పద్ధతిలో 863 మందిలో 44 మంది తొంభై రోజుల్లోపు చనిపోయారు. కొత్త పద్ధతిలో 885 మందిలో 23 మంది. అవయవాలు దెబ్బతినడం 10 శాతం నుంచి 5 శాతానికి దిగింది.

ప్రత్యర్థి ఇక్కడ ఒక అంకెను పట్టుకుంటాడు, పట్టుకోనివ్వాలి కూడా. చికిత్స అవసరమైన రక్తస్రావాలు 6 శాతం నుంచి 5 శాతానికే తగ్గాయి. ఇంతేనా అంటాడు. ఆసుపత్రుల మధ్య, కాలంతో వచ్చిన తేడాలను సరిచేసి చూస్తే తగ్గుదల మూడోవంతు దాకా ఉంది, అయినా అది పెద్ద విజయమని నేను చెప్పను. లీకైన చోట చీము పేరుకోకముందే బయటికి లాగేస్తే కొన్ని ధమనులు దక్కుతాయి, అన్నీ దక్కవు. కానీ రక్తస్రావం వచ్చినా మనిషి దక్కాలంటే అప్పటికే అతని కిడ్నీలు, ఊపిరితిత్తులు చీము తాకిడికి కుప్పకూలి ఉండకూడదు. చావులు సగానికి తగ్గింది ఆ దారిలోనే. ఇందులో కొత్త మందు లేదు, కొత్త కత్తి లేదు. అవే చేతులు ఆపరేషన్ చేశాయి, చూసే కళ్లు మారాయి. హస్తవాసి వాదానికి దీన్ని మించిన జవాబు నాకు కనబడలేదు.

ఇక ఈ నమ్మకం వార్డులో పలికించే అన్నింటికన్నా ప్రమాదకరమైన మాట ఒకటుంది. "కాస్త ఎర్రగా వచ్చింది, ఆగిపోయింది, పర్లేదు." ఏడో రోజునో ఎనిమిదో రోజునో డ్రెయిన్‌లో చెంచాడు ఎర్రటి రక్తం కనిపిస్తుంది, లేదా ముక్కు గొట్టంలో చారలా వస్తుంది. డ్యూటీలో ఉన్న పీజీ డాక్టర్ వచ్చి బీపీ చూస్తాడు, బాగుంటుంది. హిమోగ్లోబిన్ పంపిస్తాడు, నిన్నటిలాగే ఉంటుంది. పొద్దున రౌండ్స్‌లో చూద్దామంటారు. వైద్యులు దీన్నే సెంటినల్ బ్లీడ్ అంటారు. చెరువు గట్టుకు బుంగ పడి నీరు చెమ్మగిల్లితే, ఆ చెమ్మ కాసేపటికి ఆరిందని ఏ రైతూ ఇంటికెళ్లి పడుకోడు. పగిలిన ధమని చుట్టూ గడ్డ కట్టి, నాళం ముడుచుకుని, కొన్ని గంటలో, ఒకటి రెండు రోజులో ఆగుతుంది. ఆ తర్వాత వచ్చేదానికి రెండు నిమిషాల గడువు కూడా ఉండకపోవచ్చు. రక్తం పోయిన మొదటి గంటల్లో హిమోగ్లోబిన్ అంకె మారదు, వైద్య విద్యార్థికి కూడా తెలిసిన సంగతే ఇది. ఆ అంకెను పట్టుకుని ధైర్యం చెప్పడం తగదు. ఆగిన ఆ కాసేపే సీటీ యాంజియోగ్రామ్ తియ్యవలసిన సమయం. రోగి బీపీ నిలకడగా ఉంది, బల్ల మీద పడుకోగలడు, పగిలిన చోటు దొరుకుతుంది. దొరికితే తొడ దగ్గరి నాళంలోంచి సన్నటి గొట్టం పంపి కాయిల్స్ పెట్టి మూసెయ్యవచ్చు. కాలేయానికి రక్తం ఆగకూడదనుకుంటే కవర్డ్ స్టెంట్ వెయ్యవచ్చు. పొట్ట కొయ్యనక్కరలేదు.

రక్తం నోటి నుంచి వచ్చిందంటే చాలామంది ముందు ఎండోస్కోపీకి పంపుతారు. మొదటి రోజుల్లో కుట్టు అంచు నుంచి కారితే అది సరైనదే. రెండో వారంలో మాత్రం బయట పగిలిన ధమనే విడిపోయిన కుట్టు గుండా పేగులోకి రక్తం పోస్తూ ఉండవచ్చు. ఎండోస్కోప్‌కు కనిపించేది రక్తపు మడుగే. పుండేమో అని ఇంజెక్షన్ చేసి బయటికొస్తారు. ఆ ఒకటి రెండు గంటలు రోగికి మళ్లీ దొరకవు.

అలాగే, తెరిచి చూద్దాం అనే తొందర. సర్జన్‌కు చేతనైనది కత్తి కాబట్టి ముందు అదే గుర్తొస్తుంది. పది రోజుల కింద కోసిన పొట్టలో అన్నీ అతుక్కుని, మెత్తబడి ఉంటాయి. ఆ స్థితిలో ధమనిని వెతకడం అతి కష్టం. తీవ్రమైన లీక్ వచ్చినవాళ్లలో రెండు దారుల్నీ డచ్చి వైద్యులు 2017లో పోల్చారు. ఒకే స్థితిలో ఉన్న రోగులను జతపరిచి చూస్తే, గొట్టంతో ద్రవం లాగినవాళ్లలో సుమారు 14 శాతం, మళ్లీ పొట్ట తెరిచినవాళ్లలో సుమారు 36 శాతం చనిపోయారు. ఇది చీటీ తీసి చేసిన పోలిక కాదు, కాబట్టి మొత్తం తేడాను కత్తి మీదే వెయ్యలేను. అయినా, ముందు గొట్టం, తర్వాతే కత్తి అని చెప్పడానికి ఇది చాలు. రక్తం ధారగా పోతూ బీపీ అందకపోతే తెరవక తప్పదు, ఆ మాట వేరు.

పరీక్షలు పెంచితే ఖర్చు, కాంట్రాస్ట్ మందుతో కిడ్నీలకు ముప్పు అన్న అభ్యంతరం వింటూనే ఉన్నాను. డచ్చి పద్ధతి అందరికీ స్కాన్ తియ్యమనలేదు, ఎవరికి అవసరమో చెప్పింది. అవసరం తీరిన డ్రెయిన్‌ను త్వరగా తీసెయ్యమని కూడా చెప్పింది. ఇటలీలో క్లాడియో బస్సీ బృందం 2010లో 114 మంది మీద దీన్ని పరీక్షించింది. మొదటి రోజు డ్రెయిన్ అమైలేజ్ తక్కువగా ఉన్నవాళ్లకు మూడో రోజునే గొట్టం తీసేస్తే లీకులు 1.8 శాతం, అయిదో రోజు దాటి ఉంచితే 26 శాతం. ఎందుకైనా మంచిదని ఉంచేసే గొట్టం లోపలికి సూక్ష్మజీవులకు దారి ఇస్తుంది, ధమనికి ఆనుకుని ఒరుస్తుంది. ఇంకొందరు కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్‌నే తప్పుపట్టి ముందే ఆపేస్తారు. ధమని గోడకు రంధ్రం చేసింది హెపారిన్ కాదు. దాన్ని అనవసరంగా ఆపితే క్యాన్సర్ రోగి ఊపిరితిత్తుల్లో గడ్డతో పోవచ్చు.

ఈ ఆపరేషన్ చరిత్రే హస్తవాసి వాదానికి ఎదురు నిలుస్తుంది. న్యూయార్క్‌లో అలెన్ విపుల్ 1935లో తన పద్ధతి ప్రచురించినప్పుడు దాన్ని రెండు విడతలుగా చేసేవాడు. ముందు పిత్తానికి దారి కల్పించి కామెర్లు తగ్గించడం, వారాల తర్వాత గడ్డ తియ్యడం. కామెర్లున్న రోగి ఎంత నేర్పుగా కోసినా నెత్తురు ఆగక పోయేవాడు, సర్జన్లకు అది పెద్ద భయం. ఆ భయాన్ని తీర్చింది కోపెన్‌హాగన్‌లో కోడిపిల్లల మీద ప్రయోగాలు చేస్తున్న హెన్రిక్ డామ్. పిత్తం పేగులోకి రాకపోతే విటమిన్ కె ఒంటికి పట్టదనీ, అది లేకపోతే రక్తం గడ్డకట్టదనీ తేలింది. విటమిన్ కె ఇంజెక్షన్ చేతికొచ్చాక, 1940లో విపుల్ మొత్తం ఆపరేషన్‌ను ఒకే విడతలో చేశాడు. డామ్‌కు, విటమిన్ కె మీదే పనిచేసిన ఎడ్వర్డ్ డాయిజీకి కలిపి 1943 నోబెల్ బహుమతి దక్కింది. విటమిన్ కె దొరికే ముందు రోజు వరకూ ఆ నెత్తురు కూడా విధే. థియేటర్‌లో అడుగుపెట్టని మనిషి దాన్ని ఆపాడు.

మన దగ్గరికొస్తే, తెలుగు రాష్ట్రాల్లో చేయి తిరిగిన పాంక్రియాస్ సర్జన్లకు కొరత లేదు. కొరతంతా ఆపరేషన్ తర్వాతి రెండు వారాల్లో ఉంది. రాత్రి రెండు గంటలకు కాయిల్ పెట్టగల ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టులు పెద్ద నగరాల్లోనే, అక్కడా కొన్ని ఆసుపత్రుల్లోనే దొరుకుతారు. ప్యాకేజీ డబ్బు ఆపరేషన్‌కు కట్టిన డబ్బు. ఎనిమిదో రోజు సీటీ యాంజియో తీస్తే అది ఆసుపత్రికి అదనపు ఖర్చుగానే కనిపిస్తుంది. పథకం రాసేవాళ్లు విపుల్ ఆపరేషన్‌కు అనుమతిచ్చే ముందు అడగవలసింది థియేటర్ గురించి మాత్రమే కాదు. రాత్రిపూట సీటీ నడుస్తుందా, యాంజియో చేసే మనిషి ఎంత దూరంలో ఉన్నాడు, లేకపోతే ఏ ఆసుపత్రితో ఒప్పందం ఉంది అని అడగాలి. జవాబు లేనిచోట అనుమతి ఇవ్వకూడదు. ఆ ఆపరేషన్‌ను నలభై చోట్ల అరాకొరాగా చేసేకన్నా కొద్దిచోట్ల పూర్తిగా చెయ్యడం మేలు. దగ్గర్లోనే అయిపోవాలని కోరుకునే కుటుంబానికి ఇది కష్టమైన మాటే. అయినా చెప్పక తప్పదు.

డచ్చివాళ్ల యాప్ వెనక ఉన్న పరీక్షలన్నీ మన జిల్లా కేంద్రాల ల్యాబుల్లో కూడా జరిగేవే. వాటిని రోజూ ఒకే కాగితం మీద ఒకే మనిషి చదవడం, గీత దాటితే ఫోన్ చేసే హక్కు నర్సుకు ఉండడం, ఆ ఫోన్‌కు సర్జన్ విసుక్కోకపోవడం జరగాలి. డిశ్చార్జ్ అయ్యే రోగికి, ముఖ్యంగా గొట్టంతో ఇంటికెళ్లే రోగికి, తెలుగులో ఒక కాగితం ఇవ్వాలి. గొట్టంలో గానీ, వాంతిలో గానీ ఎర్రగా కనిపించినా, విరేచనం తారులా నల్లగా వచ్చినా, అది ఆగిపోయినా సరే, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేసి బయల్దేరండి, స్కాన్, యాంజియో ఉన్న ఆసుపత్రికే రండి అని అందులో ఉండాలి. ఆ నంబరు ఎత్తే మనిషికి అర్ధరాత్రి సీటీ రాయగల అధికారం ఉండాలి.